వలందులు రెండుసార్లు వదిలేసిన దీవి

అందరికీ నమస్కారం. వెనక వరసదాకా వినపడుతోందా? సరే, మొదలుపెడదాం.

బందరు వాళ్లెవరైనా ఉన్నారా ఇక్కడ? ఆ, ముగ్గురు నలుగురు చేతులెత్తారు. మీ ఊళ్లో వలందపాలెం ఉంది, పరాసుపేట ఉంది, ఇంగ్లీషుపాలెం ఉంది. వలందులంటే హాలండు నుంచి వచ్చిన డచ్చివాళ్లు, పరాసులంటే ఫ్రెంచివాళ్లు, మూడోవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. ఇవాళ నేను చెప్పబోయే దీవిని కూడా ఈ ముగ్గురే ఒకరి తర్వాత ఒకరు ఏలారు. అదే మారిషస్. ఇప్పుడు మన కొత్త జంటలు హనీమూన్‌కి వెళ్లొచ్చి ఫోటోలు పెడుతుంటారే, ఆ మారిషస్.

అయితే నేను బీచ్‌ల గురించి మాట్లాడను, చెరకుతోటల గురించి కూడా ఎక్కువ మాట్లాడను. వలందుల గురించే మాట్లాడతాను. వీళ్లు 1598లో అక్కడ దిగారు. నలభయ్యేళ్ల తర్వాత, 1638లో, కాపురం పెట్టారు. 1658లో మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయారు. 1664లో మళ్లీ వచ్చారు. 1710లో మళ్లీ వదిలేశారు, ఈసారి శాశ్వతంగా. అదే కంపెనీ, డచ్ ఈస్టిండియా కంపెనీ, ఆ రోజుల్లో ప్రపంచంలోకెల్లా డబ్బున్న వ్యాపార సంస్థ, సరిగ్గా అదే కాలంలో బందరులో, నిజాంపట్నంలో, పులికాట్‌లో కోఠీలు పెట్టి కోటానుకోట్ల విలువైన బట్టల వ్యాపారం చేసింది. అంత మొనగాళ్లు, మనిషన్నవాడు లేని, అడ్డుచెప్పేవాడు లేని ఒక పచ్చటి దీవిలో ఎందుకు నిలబడలేకపోయారు? నాకు ఈ ప్రశ్న చాలా ఏళ్లుగా పట్టుకుంది. నా జవాబు చెప్తాను, మీకు నచ్చకపోతే చివర్లో దెబ్బలాడండి.

ముందు దీవి ఎక్కడుందో చూద్దాం. మడగాస్కర్‌కి తూర్పున ఎనిమిది వందల కిలోమీటర్లకి పైగా, నట్టనడి సముద్రంలో. చాలాకాలం కిందట చల్లారిపోయిన అగ్నిపర్వతాల మీద పెరిగిన అడవి. నల్లకర్ర చెట్లు, తాటిజాతి చెట్లు, పెద్ద పెద్ద తాబేళ్లు, రకరకాల పక్షులు. గబ్బిలాలు తప్ప నేలమీద తిరిగే పాలిచ్చే జంతువు ఒక్కటీ లేదు. మనుషులూ లేరు. అమెరికాకో ఇండోనేషియాకో యూరపువాళ్లు వెళ్తే అక్కడ అప్పటికే జనం ఉన్నారు కాబట్టి "కనిపెట్టారు" అనే మాట వింటే మనకి ఒళ్లు మండుతుంది, న్యాయమే. ఇక్కడ మాత్రం నిజంగానే ఎవరూ లేరు. అలాగని మొదట చూసింది డచ్చివాళ్లని కాదు. 1502 నాటి కాంటినో పటంలో ఈ మూడు దీవులూ, అంటే ఇప్పటి రీయూనియన్, మారిషస్, రోడ్రిగ్స్, అరబ్బీ పేర్లతోనే ఉన్నాయి. అంటే అరబ్బు నావికులకి ఇవి అంతకుముందే తెలుసన్నమాట. వాళ్లు చూసి ఊరుకున్నారు. తర్వాత 1507 ప్రాంతంలో పోర్చుగీసువాళ్లు వచ్చారు. నీళ్లు నింపుకున్నారు, వెళ్లిపోయారు. వాళ్ల దారి మొజాంబిక్ మీదుగా గోవాకి, అందులో ఈ దీవి పెద్దగా తగలదు. వాళ్లకి దీంతో పని పడలేదు.

ఇక 1598. ఆ ఏడాది మే నెలలో యాకబ్ వాన్ నెక్ నాయకత్వంలో ఎనిమిది ఓడలు హాలండులో బయల్దేరాయి, జావాకి, మిరియాలూ లవంగాల కోసం. ఆఫ్రికా కొన దగ్గర తుఫానులో చెల్లాచెదురయ్యాయి. వాటిలో అయిదు ఓడలు వైబ్రాండ్ వాన్ వార్విక్ అనే ఆయన వెంట కొట్టుకొచ్చి సెప్టెంబరులో ఈ దీవి ఆగ్నేయం వైపున్న ఒక అఖాతంలోకి వచ్చిపడ్డాయి. ఇప్పుడు దాన్ని గ్రాన్ పోర్ట్ అంటారు. నెలల తరబడి ఉప్పుమాంసం, ఎండు బిస్కెట్లు తిని తిని చిగుళ్లు కుళ్లి, కాళ్లు వాచిపోయిన మనుషులు వాళ్లు. స్కర్వీ అంటాం కదా, తాజా తిండి లేక వచ్చే జబ్బు. వాళ్లకి ఇక్కడ మంచినీళ్లు, చేపలు, తాబేళ్లు, మనిషిని చూసి పారిపోవడం అంటే ఏంటో తెలియని పక్షులు దొరికాయి. కర్రపెట్టి కొడితే చాలు. అందులో ఒకటి ఎగరలేని లావుపాటి పక్షి, మీరంతా బళ్లో చదువుకున్న డోడో. దాని మాంసం ఎంత ఉడికించినా గట్టిగానే ఉందని, పావురాలే నయమని రాసుకున్నారు పాపం.

దీవికి తమ రాజకుమారుడు మారిట్స్ పేరు పెట్టారు. ఒక చెక్కపలక మీద హాలండు, జీలండు, ఆమ్‌స్టర్‌డామ్ రాజముద్రలు చెక్కి చెట్టుకి కొట్టారు. నారింజ, నిమ్మ గింజలు నాటారు. రోగాలు కుదుటపడ్డాక, ఓడలెక్కి జావాకి వెళ్లిపోయారు. దీవిని "స్వాధీనం చేసుకోవడం" అంటే అంతే, చెట్టుకొక చెక్క.

తర్వాతి నలభయ్యేళ్లు ఇది హైవే పక్కన దాబా లాంటిది. ఎవడికి అవసరమైతే వాడు ఆగుతాడు, తింటాడు, పోతాడు, ఎవడూ ఊడ్చి పోడు. 1606లో మాటెలీఫ్ అనే డచ్చి నౌకాధిపతి వచ్చేసరికే దీవిలో ఎలుకలు ఉన్నాయి, కోతులు ఉన్నాయి. అంటే మనిషి ఇంకా ఇల్లు కట్టకముందే మనిషి తెచ్చిన ఎలుక కాపురం పెట్టేసింది! అది ఏ ఓడలోంచి దిగిందో ఎవడు చూశాడు. ఆ మాటెలీఫ్ కూడా మేకల్నీ పందుల్నీ వదిలాడు, తర్వాత వచ్చేవాళ్లకి తిండి దొరుకుతుందని. మంచి ఉద్దేశమే. ఆ పందులు నేలమీద పెట్టిన గుడ్లన్నీ తినేశాయి. 1615లో పీటర్ బోత్ అనే పెద్దమనిషి, కంపెనీకి మొదటి గవర్నర్ జనరల్, జావాలో పదవి దిగిపోయి నాలుగు ఓడలతో ఇంటికి వెళ్తూ ఇక్కడే తుఫానులో మునిగిపోయాడు. తలమీద బండరాయి నిలబెట్టుకున్నట్టుండే ఒక కొండకి ఇప్పటికీ ఆయన పేరే. ఫోటోల్లో చూసే ఉంటారు.

ఈ మధ్యలో ఒక ముఖ్యమైన సంగతి జరిగింది, దాన్ని గట్టిగా గుర్తుపెట్టుకోండి. 1611లో హెండ్రిక్ బ్రౌవర్ అనే డచ్చి కెప్టెన్ ఆఫ్రికా కొన దాటగానే ఉత్తరానికి తిరక్కుండా, దక్షిణాన వీచే ఆ భయంకరమైన పడమటి గాలుల్ని పట్టుకుని నేరుగా తూర్పుకి పోయి, అప్పుడు జావా వైపు తిరిగాడు. దాదాపు సగం కాలంలో చేరుకున్నాడు. కొన్నేళ్లకి కంపెనీ తన ఓడలన్నీ ఇదే దారిన వెళ్లాలని హుకుం జారీ చేసింది. దాంతో ఏమైంది? పోయేటప్పుడు మారిషస్ దారిలోనే లేకుండా పోయింది. అంటే వీళ్లు ఇక్కడ కాపురం పెట్టేనాటికే ఈ దీవి వాళ్ల దారికి పక్కకి జరిగిపోయింది.

మరి 1638లో ఎందుకు పెట్టారు? ఒకటి, నల్లకర్ర. ఎబొనీ. మారిషస్ ఎబొనీ అప్పట్లో ప్రపంచంలోకెల్లా నాణ్యమైనదని పేరు, ఆమ్‌స్టర్‌డామ్‌లో ఖరీదైన బీరువాలకీ చట్రాలకీ దాన్నే వాడేవాళ్లు. రెండోది అసలు కారణం: ఫ్రెంచివాళ్లూ ఇంగ్లీషువాళ్లూ వచ్చి కొట్టుకుపోతున్నారని. మనకి పనికి రాకపోయినా పర్లేదు, పక్కవాడికి దక్కకూడదు. మన ఊళ్లల్లో స్థలాల దగ్గర చూడట్లేదూ! (నవ్వులు.) కోర్నెలిస్ గూయర్ అనే ఆయన పాతికమందితో మే నెలలో దిగి కోట కట్టడం మొదలుపెట్టాడు. దాని పేరు ఫ్రెడరిక్ హెండ్రిక్ కోట. అదే ఏడాది ఫ్రెంచి ఓడ ఒకటి ఈ దీవిని పట్టుకుందామనే వచ్చి, అప్పటికే వలందులు ఉండటం చూసి, పక్క దీవికి పోయి అక్కడ తమ రాజు పేరు చెప్పి జెండా పాతుకుంది. అదే ఇప్పటి రీయూనియన్, ఇవాళ్టికీ ఫ్రాన్సుదే.

గూయర్ పనితీరు నచ్చక మరుసటి ఏడే అడ్రియాన్ వాన్ డెర్ స్టెల్‌ని పంపారు. ఈయన చురుకైన మనిషి. జావా నుంచి జింకల్ని తెచ్చి వదిలాడు, చెరకు తెచ్చి నాటాడు. ఇప్పుడు మారిషస్ అడవుల్లో తిరిగే జింకలు ఆ వంశమే. చెరకు సంగతి చెప్పక్కర్లేదు. పొగాకూ కూరగాయలూ కూడా వేయించాడు. కానీ నల్లకర్ర అంటే ఇనుములాంటి చెట్టు, దాన్ని కొట్టి, కొండల్లోంచి రేవుదాకా లాగాలి. ఎవరు లాగుతారు? పాతిక యాభైమంది కంపెనీ జీతగాళ్లు లాగరు. అందుకని మడగాస్కర్ వెళ్లి వందమందికి పైగా బానిసల్ని కొనుక్కొచ్చాడు. వాళ్లలో సగానికి సగం కొద్దిరోజుల్లోనే అడవిలోకి పారిపోయారు. కొద్దిమందినే పట్టుకోగలిగారు. మిగిలినవాళ్లు ఆ అడవిలోనే బతికారు, అప్పుడప్పుడూ వచ్చి తోటలమీద పడ్డారు. నా దృష్టిలో మారిషస్‌లో మొదట సొంతంగా స్థిరపడ్డవాళ్లు వాళ్లే. కంపెనీ జీతగాడు జీతం ముగిస్తే పోతాడు, వాళ్లకి పోయే చోటు లేదు.

ఈ వాన్ డెర్ స్టెల్‌కి ఒక కొడుకు, సైమన్, మారిషస్‌కి వచ్చే ప్రయాణంలోనే పుట్టాడు. ఆ సైమనే తర్వాత దక్షిణాఫ్రికాలో కేప్ గవర్నరు అయ్యాడు, స్టెలెన్‌బాష్ అనే ఊరు ఆయన పేరుమీదే ఉంది. తమాషా ఏంటంటే సైమన్ తల్లి వైపు అమ్మమ్మ మన దేశపు స్త్రీ, బానిసగా ఉండి విడుదలైన మనిషి. మూడొందల ఏళ్ల తర్వాత అదే దక్షిణాఫ్రికాలో తెల్లవాళ్లు ఒంటిరంగు చూసి చట్టాలు చేశారు, వాళ్ల మొదటి గవర్నర్లలో ఒకడి అమ్మమ్మ ఎవరో మర్చిపోయి. సరే, అది వేరే ప్రసంగం.

ఇంకొక పేరు చెప్పి ముందుకి పోతాను. 1642 సెప్టెంబరులో ఏబెల్ టాస్మన్ అనే డచ్చి నావికుడు రెండు ఓడలతో జావా నుంచి ఇక్కడికి వచ్చి నెలరోజులు ఉన్నాడు. ఓడలు అధ్వాన్నంగా ఉన్నాయి, బాగుచేసుకుని, కట్టెలూ నీళ్లూ నింపుకుని, ఇక్కడి నుంచి తూర్పుకి పోయి ఇప్పటి టాస్మేనియానీ న్యూజిలాండ్‌నీ చూసొచ్చాడు. అంత పెద్ద ప్రయాణానికి కావలసిన కలప, తాడు, తిండి ఈ చిన్న కోట ఇవ్వగలిగింది. చేతకానివాళ్లేం కాదు, ఆ మాట ఒప్పుకోవాలి.

ఇప్పుడు బందరుకి రండి ఒక్కసారి. 1605లో డచ్చి ఓడ బందరు వచ్చేనాటికి అక్కడ ఏముంది? గోల్కొండ సుల్తాను రాజ్యం ఉంది, పన్ను వసూలు చేసే హవల్దారు ఉన్నాడు, కోమట్లున్నారు, దుబాసీలున్నారు, చుట్టుపక్కల ఊళ్లనిండా నేతగాళ్లు, అద్దకంవాళ్లు. డచ్చివాడు చేసిందల్లా డబ్బు ముందు ఇచ్చి, నమూనా చూపించి, బట్ట ఎప్పుడొస్తుందా అని తగాదాపడుతూ కూర్చోవడం. నేత వాళ్లది కాదు, పత్తి వాళ్లది కాదు, ఎద్దుబండి వాళ్లది కాదు, అన్నం వండిపెట్టే మనిషి కూడా వాళ్లవాడు కాదు. వేల ఏళ్లుగా జనం కట్టుకున్న వ్యవస్థ మీద ఒక గుడారం వేసుకున్నారు. ఆ విద్యలో వాళ్లని మించినవాళ్లు లేరు. మారిషస్‌లో గుడారం వేయడానికి కింద ఏమీ లేదు! బియ్యం కావాలంటే జావా నుంచి రావాలి, మేకు కావాలంటే ఓడ రావాలి, గొడవ తీర్చే పెద్దమనిషి కావాలన్నా ఓడే రావాలి. ఓడ ఏడాదికి ఒకసారి, ఒక్కోసారి అదీ రాదు. "ఖాళీ దీవి, ఎంత సుఖమో" అని మనకి అనిపిస్తుంది. వ్యాపారికి ఖాళీ నేల అంత నష్టం ఇంకోటి లేదు. ఇదీ నా జవాబు.

పైగా కంపెనీ లెక్కల పుస్తకం చూస్తుంది. నల్లకర్ర ఎక్కువ పంపితే ఆమ్‌స్టర్‌డామ్‌లో ధర పడిపోయింది, కొట్టడం తగ్గించమన్నారు. తగ్గిస్తే ఇక్కడ ఖర్చు మిగిలింది, రాబడి పోయింది. 1652లో కేప్‌లో, ఇప్పటి కేప్‌టౌన్‌లో, పెద్ద విడిది పెట్టాక మారిషస్ అవసరం ఇంకా తగ్గింది. 1658లో ఎత్తేశారు.

ఖాళీగా ఉన్న ఆ ఆరేళ్లలో ఒక సంఘటన ఉంది. 1662లో ఆర్నెమ్ అనే డచ్చి ఓడ ఆ దగ్గర్లో మునిగిపోయింది, బతికినవాళ్లు కొందరు చిన్న పడవలో మారిషస్ చేరారు. వాళ్లలో వోల్కర్ట్ ఎవర్ట్స్ అనే ఆయన, ఒడ్డునుంటే ఆటు వేళ నడిచిపోగలిగే ఒక చిన్న లంకలో డోడోల్ని చూశానని రాశాడు. ఒకదాన్ని కాలు పట్టుకుంటే అది అరిచిందట, ఆ అరుపు విని మిగతావి దాన్ని విడిపించడానికి పరిగెత్తుకొచ్చాయట, వాటినీ పట్టుకున్నారట. నమ్మదగ్గ చివరి సాక్ష్యం ఇదేనని చాలామంది అంటారు. ఆ తర్వాత కూడా ఆ పేరు రాసినవాళ్లున్నారు కానీ, అది డోడోనా ఇంకో ఎర్రటి పక్షా అని పండితులు ఇంకా కొట్టుకుంటున్నారు.

1664లో రెండోసారి వచ్చినప్పుడు పద్ధతి కొద్దిగా మార్చారు. జీతగాళ్లతో పాటు స్వతంత్రంగా వ్యవసాయం చేసుకునే కాపుల్ని కూడా తెచ్చారు, పెళ్లాంపిల్లలతో. భూమి ఇచ్చారు. కానీ పండించింది కంపెనీకే అమ్మాలి, కంపెనీ చెప్పిన ధరకే అమ్మాలి. ఇలాంటి చోట కాపు ఏం చేస్తాడు? సారా కాశాడు. చెరకు రసంతో, తాటిజాతి చెట్ల కల్లుతో అరక్ కాచి వచ్చేపోయే ఇంగ్లీషు ఓడలకి చాటుగా అమ్ముకున్నాడు. కమాండరు, అంటే కంపెనీ తరఫున దీవిని చూసుకునే అధికారి, వద్దన్నాడు, కాపు విన్లేదు. కమాండర్లూ తక్కువవాళ్లేం కాదు. హ్యూబర్ట్ హ్యూగో అని ఒకాయన, అంతకుముందు ఎర్రసముద్రం వైపు ఓడలు దోచిన మనిషి, ఇక్కడ మాత్రం నీటి రంపంమిల్లు పెట్టి బాగుచేద్దామని కష్టపడ్డాడు. ఆయన తర్వాత లామోటియస్, చేపల బొమ్మలు చక్కగా వేసేవాడు, కాపులతో మాత్రం బద్ధ విరోధం. చివరికి కంపెనీయే ఆయన్ని విచారించి దూరదీవికి పంపించేసింది.

ఆయన తర్వాత వచ్చిన డియోడాటి కాలంలో జరిగింది ఇంకా విచిత్రం. ఫ్రాన్సులో ప్రొటెస్టెంట్లని తరిమేస్తున్న రోజులవి. ఫ్రాన్స్వా లెగా అనే యాభయ్యేళ్లు దాటిన పెద్దాయన, ఇంకొందరు కుర్రాళ్లతో, మారిషస్‌కి తూర్పునున్న రోడ్రిగ్స్ దీవిలో 1691లో దిగాడు. అక్కడా మనిషి లేడు. రెండేళ్లు హాయిగా, తాబేళ్లు తింటూ, తోట వేసుకుంటూ బతికారు. కానీ కుర్రాళ్లకి పెళ్లి చేసుకోవడానికి ఆడవాళ్లు లేరు. స్వర్గంలో ఉన్నామని పెద్దాయన అంటే, పెళ్లికాని స్వర్గం మాకెందుకని వాళ్లు అన్నట్టే. (నవ్వులు.) చేత్తో పడవ చేసుకుని వందల మైళ్ల సముద్రం దాటి మారిషస్ చేరారు. డియోడాటి ఏం చేశాడు? వాళ్ల దగ్గరున్న అంబరు ముద్ద, అంటే తిమింగిలం కడుపులోంచి వచ్చే ఖరీదైన సుగంధద్రవ్యం, విషయంలో గొడవొచ్చి, వాళ్లని రేవు ముందున్న ఒక రాతి లంకమీద పడేశాడు, మూడేళ్లపాటు. మనుషులు లేక అల్లాడుతున్న దీవికి చేతిపని తెలిసినవాళ్లు తమంతట తాము నడిచొస్తే, జైల్లో పెట్టాడు. వలందులు ఎందుకు నిలవలేదో చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకలేదు.

1695 ఫిబ్రవరిలో పెద్ద తుఫాను, పంటలు పోయాయి. అదే ఏడాది జూన్‌లో బానిసలు కోటకి నిప్పు పెట్టారు. ఇప్పటి ఇండోనేషియాలోని అంబోయినా దీవికి చెందిన ఆరోన్, బెంగాల్ పేరు తగిలించిన అన్నా అనే స్త్రీ, ఇంకా కొందరు. కోట కాలిపోయింది. వాళ్లని క్రూరంగా చంపారు. చూడండి, ఎక్కడి బెంగాలు, ఎక్కడి అంబోయినా, ఎక్కడి మడగాస్కరు! మన కోరమాండల్ తీరంలో కరువులు వచ్చినప్పుడు కూడా ఇదే కంపెనీ మనుషుల్ని కొని బతావియాకి, అంటే ఇప్పటి జకార్తాకి, ఎక్కించింది. బట్టల మూటలూ మనుషులూ ఒకే ఓడలో వెళ్లేవి, బట్టల గురించే మనం ఎక్కువ మాట్లాడుకుంటాం.

చివరికి 1706లో వదిలేయాలని నిర్ణయం, 1710కి అందరూ ఖాళీ. మొత్తం జనం మూడొందలు కూడా లేరు. ఎలుకలు, తుఫాన్లు, మిడతలు, అన్నీ కారణాలుగా రాసుకున్నారు. ఎలుకలూ తుఫాన్లూ తర్వాత ఫ్రెంచివాళ్లకీ ఉన్నాయి. ఫ్రెంచివాళ్లు 1715లో జెండా పాతి, 1721 నుంచి జనాన్ని దింపి, 1735లో లబూర్డనే అనే గవర్నరు వచ్చాక పోర్ట్ లూయిస్ నగరాన్ని, ఆసుపత్రిని, నీటి కాలువని, ఓడలు కట్టే చోటుని నిలబెట్టారు. పాండిచ్చేరి వైపు నుంచి మన దక్షిణాది వడ్రంగుల్నీ తాపీవాళ్లనీ తీసుకెళ్లారు. ఇంకోవైపు మొజాంబిక్, మడగాస్కర్ నుంచి వేలకివేలు బానిసల్ని దింపారు, వాళ్ల తిండికని కర్రపెండలం నాటించారు. ఆ శతాబ్దం చివరికి దీవిలో సుమారు ప్రతి పదిమందిలో ఎనిమిదిమంది బానిసలే. ఫ్రెంచివాళ్లు గెలిచారని నేను మెచ్చుకోవట్లేదు. కింద ఏమీ లేనిచోట వాళ్లు బలవంతంగా ఒక సమాజాన్ని తెచ్చి పరిచారు. వలందులు అంత ఖర్చు పెట్టడానికి ఇష్టపడలేదు, అంతే తేడా. దయవల్ల కాదు.

నా మాట అయిపోయింది. ప్రశ్నలుంటే అడగండి.

(ఒక శ్రోత: మరి మన తెలుగువాళ్లు ఎప్పుడు వెళ్లారు సార్?)

అది ఇంగ్లీషువాళ్ల కాలం. 1810లో వాళ్లు దీవిని పట్టుకున్నారు, 1830ల్లో బానిసత్వం రద్దయింది, చెరకు కొట్టడానికి 1834 నుంచి మన దేశంలోంచి కూలీల్ని ఒప్పందం మీద ఎక్కించారు. మనవాళ్లు కోరంగి రేవు నుంచి వెళ్లారు, 1843లో వెళ్లిన ఓడ పేరే కోరంగి ప్యాకెట్. అంతకు నాలుగేళ్ల ముందు, 1839లో, ఉప్పెన వచ్చి కోరంగి తుడిచిపెట్టుకుపోయింది, అది కూడా పక్కన పెట్టుకుని చూడాలి. అక్కడ తెలుగువాళ్లని కోరంగీలనే పిలిచేవాళ్లు. ఇప్పుడు ఉగాదికి మారిషస్‌లో ప్రభుత్వ సెలవు.

(ఇంకో శ్రోత: డోడోని డచ్చివాళ్లు తినేశారని మా పుస్తకంలో ఉండేది.)

తిన్నారు, కానీ పాతిక యాభైమంది తిని ఒక జాతిని అంతం చేయడం కష్టం. దీవి వైశాల్యం సుమారు 1,865 చదరపు కిలోమీటర్లు, అంతా అడవి. నేలమీద పెట్టే గుడ్డుని పందులు, కోతులు, ఎలుకలు తిన్నాయి, అదే అసలు దెబ్బ. దాని ఎముకలు మాత్రం 1865లో జార్జి క్లార్క్ అనే బడి పంతులు మార్ ఓ సాంజ్ అనే బురద నేలలోంచి గుట్టలుగా తీయించాడు. మ్యూజియాల్లో మీరు చూసే అస్థిపంజరాల్లో చాలావాటికి ఎముకలు అక్కడివే.

(ఇంకో శ్రోత: ఆ కోట ఇప్పుడు చూడ్డానికి ఉందా?)

గోడల ఆనవాళ్లున్నాయి, పాత గ్రాన్ పోర్ట్‌లో. ఫ్రెంచివాళ్లు దానిమీదే తమ కట్టడాలు కట్టారు కాబట్టి ఏ రాయి ఎవరిదో పురావస్తువాళ్లు తవ్వి తేల్చారు. పక్కనే ఫ్రెడరిక్ హెండ్రిక్ పేరుతో చిన్న మ్యూజియం ఉంది. వెళ్లేవాళ్లు బీచ్ నుంచి ఒక పూట తప్పించుకుని అటు వెళ్లండి, విమానాశ్రయానికి దగ్గరే.